పాత హెచ్‌ఎంటీ లేత్‌కు ధర కట్టడం ఎలా?

ప్రశ్న (కావలి): మూతపడిన ఒక వర్క్‌షాపులో హెచ్‌ఎంటీ ఎల్‌బీ 17 లేత్ (లోహపు ముక్కను తిప్పుతూ చెక్కే యంత్రం) అమ్మకానికి ఉన్నది. కొత్తగా రంగు వేసిన ఆ యంత్రంలో ఏమేమి పరిశీలించి ధర చెప్పాలో పెద్దలు తెలియజేయగలరు.

జవాబు (ఒంగోలు): రంగును పక్కన పెట్టి బెడ్‌ను, అంటే లేత్ పొడవునా ఉండే పట్టాల భాగాన్ని చూడండి. పని ఎక్కువగా చక్ (ముక్కను పట్టి తిప్పే భాగం) దగ్గరే జరుగుతుంది కనుక అరుగుదల కూడా అక్కడే ఎక్కువ. క్యారేజీని (బెడ్‌పై జరుగుతూ కోత పనిముట్టును మోసే భాగం) అక్కడ వదులు లేకుండా బిగించి టెయిల్‌స్టాక్ (చక్‌కు ఎదురు చివర ఉండే ఆధారం) వైపు జరిపినప్పుడు అది పట్టేస్తే, బెడ్ గ్రైండింగ్‌కు (సాన పట్టి చదును చేయడానికి) అయ్యే ఖర్చును ధరలోంచి తగ్గించి అడగడమే న్యాయం. చీమకుర్తి గ్రానైట్ యంత్రాల పనులు చేసిన లేత్ అయితే బెడ్‌ను తుడిచే వైపర్లలో రాతిపొడి ఉన్నదేమో కూడా చూడండి.

జవాబు (నెల్లూరు): పై మాట సరైనదే. అయితే నాలుగు దవడల చక్, స్టెడీ (పొడవాటి ముక్క ఊగకుండా పట్టే ఆధారం), థ్రెడ్లు కోసే మార్పు గేర్లు యంత్రంతోపాటు వస్తాయా అన్నది ముందే తేల్చుకోండి, ఎందుకంటే వాటిని విడిగా సమకూర్చుకోవడం ఖరీదైన వ్యవహారం. బేరం కుదరకపోతే అమ్మేవారు తుక్కు ధరతో పోల్చుకుంటారు, కాబట్టి బరువు కూడా కనుక్కొని వెళ్లండి.

కావలి: కృతజ్ఞతలండీ. స్పిండిల్ (చక్‌ను తిప్పే ఇరుసు) ఊగిసలాటను చూడడానికి డయల్ గేజి (సూక్ష్మమైన కదలికను కొలిచే సాధనం) కూడా తీసుకువెళతాను.