బెల్ బోర్డు మీది జర్మన్ ఇంటిపేర్లు: డిక్షనరీ చూస్తే అంతా గందరగోళం

గుంటూరు_గోంగూర:
స్టట్‌గార్ట్ వచ్చి రెండేళ్ళయింది. మా బిల్డింగ్‌లో ఫ్లాట్లకి నంబర్లు లేవు, కింద గుమ్మం పక్కన బెల్ బోర్డు మీద ఇంటిపేర్లే ఉంటాయి, పార్సిల్ తెచ్చే అబ్బాయి కూడా ఆ పేరు చూసే బెల్ కొడతాడు. మా బోర్డు మీద షుల్ట్స్, మైయర్, హాఫ్నర్, క్రౌజె, పీటర్సెన్, కైజర్, నోవాక్ ఉన్నారు, అట్టడుగున మేము. మొన్న ఆదివారం ఏం తోచక ఒక్కోదానికి అర్థం వెతికాను. షుల్ట్స్‌కి దగ్గరగా ‘షుల్డ్’ దొరికింది, అంటే అప్పట, తప్పు అని కూడానట. పాపం ఆ పెద్దాయన తాతలు అప్పులపాలయ్యారా? కైజర్ అంటే చక్రవర్తి, కానీ ఆయన నాలుగో అంతస్తులో మాలాగే అద్దెకుంటున్నాడు. మైయర్ అంటే మేయరా? ‘హాఫెన్’ అంటే ఓడరేవు అని ఉంది, ఇక్కడ సముద్రమే లేదు కదా. ఎవరికైనా తెలిస్తే చెప్పండి.

నెకర్_నాయుడు:
గోంగూర గారూ, మీరు చేసిన పొరపాటు అందరూ చేసేదే. ఇవాళ్టి జర్మన్ డిక్షనరీతో ఇంటిపేరు వెతికితే సగంసార్లు బోల్తా పడతాం. ఈ పేర్లలో చాలా వరకు మధ్యయుగాల్లో స్థిరపడ్డాయి, అది కూడా ఆ ప్రాంతపు యాసలో.

షుల్ట్స్ సంగతే చూడండి. పాత రూపం ‘షుల్ట్‌హైస్’. అంటే కట్టాల్సింది కట్టమని జనానికి చెప్పే ఊరి పెద్ద, మన పాత మునసబు లాంటివాడు. అప్పు అనే మాట అందులో ఉన్నమాట నిజమే కానీ మీ పెద్దాయన తాతలు అప్పు పడ్డవాళ్ళు కాదు, బాకీ వసూలు చేసినవాళ్ళు. మనకి కరణం అనే ఇంటిపేరు ఉన్నట్టే అనుకోండి. అన్నట్టు 1746 ప్రాంతంలో జర్మనీలోని హాలె ఊళ్ళో తెలుగు పుస్తకాలు అచ్చువేయించిన బెంజమిన్ షుల్ట్స్ అనే మిషనరీ పేరూ ఇదే.

మైయర్‌కీ మేయర్‌కీ లాటిన్ మూలం ఒకటే, ‘మాయోర్’, పెద్దవాడని. కానీ జర్మనీలో మైయర్ అంటే దొరగారి భూములు చూసుకునే పెద్ద పాలేరు, తర్వాత్తర్వాత పెద్ద కౌలురైతు. స్పెల్లింగ్ మాత్రం ఐదారు రకాలు, పాస్టర్ చెవికి ఎలా వినపడితే చర్చి పుస్తకంలో అలా ఎక్కేది. 1876 నుంచి దేశమంతా ప్రభుత్వమే జననమరణాలు నమోదు చెయ్యడం మొదలుపెట్టింది, దాంతో ఆ రోజు ఎలా రాసి ఉంటే అలాగే గడ్డకట్టుకుపోయింది.

హాఫ్నర్ నాకు బాగా ఇష్టమైనది. స్టట్‌గార్ట్‌లో నెకర్ నది మీద రేవు ఉంది, కానీ దానికీ దీనికీ సంబంధం లేదు. దక్షిణాది యాసలో ‘హాఫెన్’ అంటే కుండ. హాఫ్నర్ అంటే కుమ్మరి, పింగాణీ పలకల పొయ్యిలు కట్టేవాళ్ళని కూడా అలాగే అంటారు. అదే కుమ్మరి తూర్పు వైపు ట్యోప్ఫర్, వాయవ్యంలో ప్యోటర్. పీపాలు చేసేవాడైతే ఉత్తరాన బ్యోట్చర్, బవేరియాలో షెఫ్లర్. అంటే పేరు చూసి వృత్తే కాదు, తాతలు ఏ మూల నుంచి వచ్చారో కూడా కాస్త ఊహించొచ్చు. షూబర్ట్, షూమన్ ఇద్దరూ సంగీతకారులే కదా, పేర్ల ప్రకారం ఇద్దరూ చెప్పులు కుట్టేవాళ్ళు!

క్రౌజె అంటే ఉంగరాల జుట్టు. కైజర్ అంటే చక్రవర్తి వంశం అనుకోకండి, ఊరి నాటకంలో ఆ వేషం కట్టినవాడో, దర్జా ఒలకబోసేవాడో, చక్రవర్తి దగ్గర కొలువు చేసినవాడో అయ్యుండాలి. ఏదో ఒకటని తేల్చి చెప్పేవాళ్ళని నమ్మొద్దు.

హాంబర్గ్_హనుమంతు:
పీటర్సెన్ మా ఉత్తరాది పేరు. పీటర్ కొడుకు అని. అయితే ఇక్కడ పాత రోజుల్లో ఇది ఇంటిపేరే కాదు, తరం తరానికీ మారిపోయేది. పీటర్ కొడుకు హాన్స్ పీటర్సెన్, ఆ హాన్స్ పిల్లలు హాన్సెన్‌లు. ష్లేస్విగ్‌లో 1771లో ఇక మార్చొద్దని ఆజ్ఞ వేశారు, ఈస్ట్ ఫ్రీజియాలో 1811లో నెపోలియన్ వేశాడు, జనం మాత్రం చాలాకాలం పట్టించుకోలేదు. మా ఆఫీసులో ఒకాయన వంశవృక్షం వేస్తూ అక్కడిదాకా వెళ్ళి ఆగిపోయాడు, అదే ఇంటిపేరు పట్టుకుని వెనక్కి వెళ్తే దారి ఉండదు మరి.

సిద్దిపేట_శీను:
ఒక డౌట్ అన్నా. ముల్లర్ అంటే పిండిమర నడిపేటోడు అంటరు కదా, జర్మనీల అందరికంటే ఎక్కువ ఉన్న ఇంటిపేరు అదేనట. మరి ఊర్ల రైతులే కదా ఎక్కువ ఉండేది?

నెకర్_నాయుడు:
మంచి డౌట్ శీనూ. ఊరంతా రైతులే అయితే ‘రైతు’ అని పిలిస్తే ఎవరు పలుకుతారు? పిండిమర ఊరికి ఒకటి, కమ్మరి ఒకడు, కాబట్టి ముల్లర్ అన్నా ష్మిట్ అన్నా ఎవరో తెలిసిపోయేది. అలాంటి ఊళ్ళు వేలకొద్దీ ఉన్నాయి కాబట్టి ముల్లర్లు అంతమంది.

సొంతంగా వెతుక్కోవాలనుకునేవాళ్ళకి మైంజ్ అకాడమీ వాళ్ళ డిజిటల్ ఇంటిపేర్ల నిఘంటువు ఉచితంగా దొరుకుతుంది. 2005 నాటి టెలిఫోన్ కనెక్షన్లను బట్టి ఏ పేరు ఎక్కడ గుమిగూడి ఉందో మ్యాప్ కూడా చూపిస్తుంది. నేనైతే ముందు మ్యాప్ చూస్తాను, అర్థం తర్వాతే. కుటుంబ చిహ్నం, వంశచరిత్ర అంటూ డబ్బు అడిగే సైట్ల జోలికి పోకండి, ఒకసారి 30 యూరోలు పోగొట్టుకుని చెప్తున్నా.

గుంటూరు_గోంగూర:
అబ్బ, షుల్ట్స్ గారిని చూసినప్పుడల్లా ఇన్నాళ్ళూ జాలిపడ్డాను. నోవాక్ ఒకటి వదిలేశారు.

హాంబర్గ్_హనుమంతు:
అది స్లావిక్ పేరు, పోలండ్, చెక్ వైపుది. జర్మనీలో ఇలాంటివి బోలెడు, కొందరు జర్మన్‌లా వినపడేలా మార్చుకున్నారు కూడా. అంగెలా మెర్కెల్ తాతగారు పోలిష్ మూలాలున్న కజ్మియెర్చాక్, 1930లో కాస్నర్ అని మార్చుకున్నారు. నోవాక్ అంటే ఊరికి కొత్తగా వచ్చినవాడు, జర్మన్‌లో నోయ్‌మన్ కూడా అంతే. ఆ లెక్కన మీ బోర్డు మీద అసలు నోవాక్‌లు మీరే.