సంఘ కానుకలను సంఘం వెలుపలి వారి కోసం ఖర్చు చేయవచ్చా?

ప్రశ్న (సింగ్‌నగర్, విజయవాడ):
అందరికీ వందనాలు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి మా ప్రాంతం మునిగినప్పుడు, మా యౌవనస్థులు, స్త్రీల సమాజం కలిసి వండిన భోజనాన్ని ఎవరి మతమూ అడగకుండా వీధివీధికీ అందించారు. దానిని ఎవరూ తప్పుపట్టలేదు. ఇప్పుడు అవే వీధుల్లోని పదో తరగతి పిల్లలకు సాయంకాలం మందిరంలో ట్యూషన్ చెప్పిద్దామని, అందుకు కానుకల్లోంచి నెలనెలా కొంత కేటాయిద్దామని అంటే, సంఘం పని సువార్త ప్రకటించడమేనని కొందరు పెద్దలు అభ్యంతరం చెబుతున్నారు. వాక్యానుసారంగా వారికి ఏమని చెప్పాలి?

జవాబు (గుంటూరు):
సహోదరా, ఈ అభ్యంతరం పాతదే. 1883లో అన్నా కుగ్లర్ గారు గుంటూరుకు వచ్చినప్పుడు, ఆమె వైద్యురాలని తెలిసి కూడా లూథరన్ మిషన్ ఆమెను మొదట వైద్యసేవకు నియమించలేదు. అయినా జబ్బుపడిన స్త్రీలు ఆమెను వెతుక్కుంటూ వచ్చారు, ఆమె కాదనలేదు. చివరికి 1898లో ఆస్పత్రి తెరిచారు. 1885లో మొదలైన మా ఏసీ (ఆంధ్ర క్రిస్టియన్) కాలేజీ కూడా క్రైస్తవుల పిల్లలకే పరిమితం కాలేదు, ఎన్టీ రామారావు గారు చదివింది అక్కడే. ఈ సేవ లేకపోతే గుంటూరులో సంఘ చరిత్ర సగమే మిగులుతుంది.

జవాబు (సంఘ పెద్ద, విజయవాడ):
పెద్దల మాటను తేలికగా తీసుకోకండి. ఆరాధన కోసమని పేదవారు ఇచ్చిన కానుకను మరో పనికి మళ్లించేటప్పుడు వారి సమ్మతి తీసుకోవడం న్యాయం. అంతకన్నా నాకు బాధ కలిగించేది, సహాయాన్ని ఎరగా వాడడం. ట్యూషన్‌కు వచ్చే పిల్లవాడు ప్రార్థనలో కూర్చోవాలని షరతు పెడితే అది సేవ కాదు. కుడిచేయి చేసేది ఎడమచేతికి తెలియకూడదని ప్రభువు చెప్పాడు గనుక ఫ్లెక్సీలూ వద్దు.

జవాబు (తెనాలి, గుంటూరు జిల్లా):
వాక్యం అడిగారు కాబట్టి చెబుతున్నాను. అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయాన్ని ఇక్కడ చూపకండి. అక్కడ ఆహారం పంచింది సంఘంలోని విధవరాండ్రకే. గలతీ 6:10 చూపండి: విశ్వాస గృహానికి చేరినవారికి విశేషంగా మేలు చేయమన్న ఆ వచనమే ముందుగా అందరికీ చేయమంటుంది. యిర్మీయా 29:7లో చెరకు వెళ్లినవారు, తమ్మును చెరపట్టిన బబులోను పట్టణ క్షేమాన్నే కోరాలని దేవుడు ఆజ్ఞాపించాడు. అలాంటప్పుడు మన ఇరుగుపొరుగు వారి పిల్లల చదువు మనకు సంబంధించనిది ఎలా అవుతుంది? కానుకల విషయంలో మాత్రం పెద్దగారు చెప్పినదే సబబు. ట్యూషన్‌కు వేరే పద్దు తెరిచి, ఇష్టమున్నవారి నుంచే తీసుకుని, నెలనెలా లెక్క సంఘానికి చదివి వినిపించండి. పదో తరగతి పరీక్షలు మార్చిలో ఉంటాయి, కనుక తీర్మానాన్ని వచ్చే సంఘ సమావేశంలోనే పెట్టించండి.