కాక్లియర్ ఆపరేషన్: హాస్పిటల్‌లో ఎన్ని రోజులు? పాపకు ఇంకా పుట్టువెంట్రుకలు తీయలేదు

నంద్యాల_రేణుక
అందరికీ నమస్కారం. మా పాపకు రెండేళ్ల నాలుగు నెలలు. పుట్టుకతోనే వినపడదు, బెరా అనే వినికిడి పరీక్షలో రెండు చెవులూ 90 డెసిబెల్స్ దాటినాయి. ఆరు నెలలు చెవి మిషన్లు పెట్టి చూసినాం, కుక్కర్ విజిల్‌కు కూడా తిరిగి చూడలేదు. వచ్చే నెల 18న హైదరాబాదులో కుడి చెవికి కాక్లియర్ ఇంప్లాంట్ ఆపరేషన్, చెవి లోపల వైరు పెట్టి బయట మిషన్ తగిలిస్తారంట. ఎన్ని రోజులు ఉంచుతారు? రాత్రిళ్లు నొప్పికి ఏడుస్తారా? ఏ పక్కకు పడుకోబెట్టాల? డిశ్చార్జ్ అయినాక రాత్రి బస్సులో నంద్యాలకు తెచ్చుకోవచ్చా, గతుకులకు ఏమన్నా అవుతుందా? ఇంకొకటి, చెవి వెనక గొరుగుతారంట. పుట్టువెంట్రుకలు తిరుమలలో ఇస్తామని మా అత్త మొక్కుకుంది. ముందు అక్కడ దేవునికి ఇచ్చి రావాల, ఆ తర్వాతే కత్తి తగలాల అంటోంది. ఏం చేయాలో తెలీడం లేదు.

సిరిసిల్ల_మమత
అక్కా, ఏం భయపడకు. మా బాబుకు అయి మూడేండ్లయింది. నాలుగు రోజులు ఉన్నం. ఆపరేషన్ కన్నా ముందుగాల పొద్దే కష్టం. తెల్లారుజామున నాలుగు నుంచి పాలు బంద్ అన్నరు, మా నంబర్ పదకొండింటికి వచ్చింది. ఏడు గంటలు వాడు నా చున్నీ పీక్కుంట ఏడ్సిండు. పక్క బెడ్డోళ్లు బిస్కెట్ ఇయ్యబోతే చెయ్యి పట్టుకొని ఆపిన. బయటికి తెచ్చినంక తలకు పాగా లెక్క పెద్ద కట్టు, దాని కింద ముఖం ఉబ్బి కండ్లు కనబడలే. రెండో రోజుకు తగ్గింది. కట్టు పీక్కోకుండ రెండు చేతులకు వాళ్ల నాయిన సాక్సులు తొడిగి మణికట్టు కాడ ప్లాస్టర్ అంటించిన. నర్సు నవ్వింది గని తర్వాత పక్క పిల్లకు ఆమెనే అట్ల చేసింది. నొప్పికి సిరప్ ఇచ్చిన్రు, ఒక్క రాత్రే ఏడ్సిండు. జుట్టు చెవెనక రెండు వేళ్లంత తీసిన్రు, గంతే.

తణుకు_రాజుగారు
అమ్మా రేణుకా, నా మనవడికి అయ్యి ఐదేళ్లయ్యిందండి. హాస్పిటల్ వాళ్లు చెప్పని సంగతి ఒకటి చెప్తాను, రాసుకో. పథ్యం. మూడు నెలలు వంకాయ, గోంగూర, దోసకాయ, చేపల పులుసు గడప దాటి రానివ్వకండి. కుట్లు చీము పడతాయి. బీరకాయ, పొట్లకాయ, కంది పచ్చడి, నెయ్యి. మావాడికి అలాగే పెట్టాం, మచ్చ కూడా లేదండి ఇప్పుడు.

సిరిసిల్ల_మమత
మా డాక్టరేమో రోజుకొక గుడ్డు, పప్పు, అన్నీ పెట్టుమన్నడు. మా బాబు ఐదో రోజు దోసకాయ పప్పు తిన్నడు తాతా. ఏం కాలే.

తణుకు_రాజుగారు
మీవాడికి కాలేదు కనక కాలేదంటున్నావమ్మా. అయినవాళ్లు వచ్చి ఇక్కడ రాయరు.

మ్యాపింగ్_మాస్టారు
ఈ గ్రూపు పుట్టినప్పటి నుంచి ఉన్నాను. మా అమ్మాయితో పదకొండేళ్లలో తొమ్మిది మంది ఆడియాలజిస్టుల (వినికిడి నిపుణుల) ముందు కూర్చున్నాను. 1978లో మెల్‌బోర్న్‌లో గ్రేమ్ క్లార్క్ బృందం చేసిన మొదటి ఆపరేషన్ దగ్గర్నుంచి చదివినవాణ్ణి. కాబట్టి ఒక మాట: కుట్లు చీము పట్టేది బాక్టీరియా వల్ల, వంకాయ వల్ల కాదు. ఇక్కడ అసలు అడగాల్సిన ప్రశ్న రేణుకగారు అడగలేదు. ఏ కంపెనీ ఇంప్లాంట్? ఎలక్ట్రోడ్లు, అంటే లోపలి వైరు మీద నరానికి కరెంటు అందించే చుక్కలు, ఎన్ని? మాది 22. తక్కువ ఉన్నది పెట్టించుకుని తర్వాత బాధపడకండి.

విశాఖ_శైలజ
మాస్టారూ, మళ్లీ 22 మొదలెట్టారా. మా అబ్బాయిది 12 ఎలక్ట్రోడ్లదే. మొన్న స్కూల్లో పద్యం చెప్పి కప్పు తెచ్చాడు. మీ 22తో మీ అమ్మాయి 22 పద్యాలు చెప్తుందా?

మ్యాపింగ్_మాస్టారు
వ్యక్తిగతంగా వెళ్లొద్దు. నేను సాంకేతిక విషయం చెప్తున్నాను.

ఉష_ఏవీటీ
నేను ఆడియాలజిస్ట్‌నే, మాస్టారుగారి తొమ్మిది మందిలో లేను లెండి. కంపెనీని బట్టి 12, 16, 22 ఉంటాయి. వైరు పొడవు, లోపల ఎంత దూరం వెళ్తుంది, శబ్దాన్ని ఎలా విడగొడుతుంది అన్నవి వేరువేరు కాబట్టి అంకె అంకెకి పోటీ పెట్టకూడదు. మ్యాపింగ్, అంటే పిల్లకి తగ్గట్టు మిషన్ సెట్టింగ్, సరిగా ఉండి, రోజూ ఇంట్లో కూర్చోబెట్టి మాట్లాడించిన పిల్లలే ముందుకు వెళ్తారు, ఏ కంపెనీ అయినా.
రేణుకగారూ, న్యూమోకోకల్ టీకాలు పూర్తయ్యాయా? ఆపరేషన్‌కి కనీసం రెండు వారాల ముందు అయిపోవాలి. లోపలి చెవి నుంచి మెదడు పొరలకి ఇన్ఫెక్షన్ వెళ్లే ముప్పు తగ్గించడానికి అది. అది కాలేదని తేదీ మార్చిన కేసులు చూశాను. జుట్టు గురించి: ఎక్కడ తీయించినా ఆపరేషన్‌కి రెండు మూడు వారాల ముందే తీయించండి. కత్తి గాట్లు, చిన్న పుండ్లు ఉంటే సర్జన్ ఆరోజు చేయరు.

తణుకు_రాజుగారు
చూశారా, పుండ్లు ఉంటే చేయరంట. మరి పుండుకి వంకాయ పడదని మా అమ్మ చెప్తే మాత్రం మూఢనమ్మకం.

పలాస_చిన్నారావు
పిల్లల గురించేనా, పెద్దోల్ల గురించి ఎవులూ అడగరేటి? నాకు ముప్పై నాలుగో ఏట మెనింజైటిస్ వచ్చి పది రోజుల్లో రెండు చెవులూ పోయాయి. కాక్లియా, అదే లోపలి చెవి, దాన్లో ఎముక కట్టీసి మూసుకుపోద్ది, ఆలస్యమైతే వైరు దూరదు అన్నారు. డబ్బుల కోసం తిరగడానికి టైమే నేదు, ఎకరం అమ్మీసినాను. ఆపరేషన్ తరవాత మంచం మీద కూకుంటే గోడలు తిరిగీవి. బాత్రూంకి మా ఆవిడ భుజం పట్టుకునే వారం రోజులు. ఎవులూ చెప్పనిది ఇంకోటుంది, రుచి. నాలిక ఆ పక్క సగం చచ్చిపోయింది. చారు తాగితే ఇత్తడి గ్లాసు నాకినట్టుండీది. రుచి నరం చెవి లోపల్నుంచే ఎల్తాదట. మూడు నెలలకి తిరిగొచ్చింది. అంచేత వంకాయ గొడవ నాకు నేదు, ఏది తిన్నా ఇత్తడే.

విశాఖ_శైలజ
చిన్నారావుగారూ, స్విచాన్ రోజు, అదే మిషన్ మొదటిసారి ఆన్ చేసిన రోజు, ఏం వినపడింది మీకు?

పలాస_చిన్నారావు
మా ఆవిడ మాటాడతంటే రేకు డబ్బాలో బఠాణీలు ఆడించినట్టు. ఎకరం దీనికా అమ్మినాను అని ఏడుపొచ్చింది. రెండో నెల్లో ఒక పొద్దున్న పాలోడి సైకిల్ గంట గంటలాగే వినిపించింది. అప్పుడు ఒగ్గీసినాను ఏడుపు.

బెజవాడ_డల్లాస్
డల్లాస్‌లో మా పాపకి పొద్దున్న చేసి సాయంత్రం ఇంటికి పంపేశారు. నాలుగు రోజులు ఎందుకు ఉంచుతున్నారు అక్కడ? బిల్లు కోసమేనా?

సిరిసిల్ల_మమత
అన్నా, మాది ఆరోగ్యశ్రీలో అయింది, మాకు బిల్లు లేదు. డిశ్చార్జ్ అయి మేం పోవాల్సింది నూట నలభై కిలోమీటర్లు. రాత్రి కట్టు తడిస్తే నువ్వు డల్లాస్‌ల కారేసుకొని పోతవు, నేను యాడికి పోవాలె?

బెజవాడ_డల్లాస్
సరే సరే, మామూలుగా అడిగాను.

చేతుల_భాష
నేను పుట్టు చెవిటిని. విజయవాడలో ఉద్యోగం చేస్తున్నాను, ఇంప్లాంట్ లేదు. తల్లిదండ్రులు ఏదైనా నిర్ణయించుకోండి, అది మీ ఇష్టం. కానీ ఆపరేషన్ అయ్యింది కదా, ఇక చేతులతో మాట్లాడొద్దు అని పిల్లల చేతులు పట్టుకోకండి. స్నానానికి ప్రాసెసర్, అంటే చెవి మీది బయటి మిషన్, తీస్తే, రాత్రి తీసి పెట్టెలో పెడితే, వైరు తెగి పది రోజులు ఆగితే ఆ పాప చెవిటిదే. అప్పుడు అమ్మతో ఎలా మాట్లాడుతుంది?

మ్యాపింగ్_మాస్టారు
సైన్ నేర్పితే పిల్లలు నోటితో మాట్లాడరు. ఇది ప్రపంచానికంతా తెలిసిన విషయం. దయచేసి కొత్త తల్లులను తప్పుదారి పట్టించకండి.

చేతుల_భాష
ఏ ప్రపంచం? మీ అమ్మాయి ప్రాసెసర్ పోయినసారి రిపేరుకి వెళ్లినప్పుడు మూడు వారాలు బడికి పంపలేదని ఈ గ్రూపులోనే రాశారు మీరు. ఆ మూడు వారాలు ఇంట్లో ఏ భాషలో మాట్లాడారు?

మ్యాపింగ్_మాస్టారు
అది వేరే సందర్భం. పాత పోస్టులు తవ్వడం మర్యాద కాదు.

ఉష_ఏవీటీ
మాస్టారూ, సైన్ వల్ల మాట రాకుండా పోతుందని నేనైతే చెప్పను. మాట రావాలంటే వినికిడి సాధన పుష్కలంగా ఉండాలి, అదొక్కటే తగ్గించకూడదు. మా దగ్గరికి వచ్చే ఇళ్లలో రెండూ నడిపేవాళ్లు ఉన్నారు.

విశాఖ_శైలజ
రిపేరు మాట వచ్చింది కాబట్టి. అందరూ ఆపరేషన్ గురించే అడుగుతారు. వారంటీ అయ్యాక ఏమిటి? మాకు కాయిల్ (అయస్కాంతంతో తలకి అతుక్కునేది) వైరు తొమ్మిది వేలు, ఏడాదికి రెండు. వైజాగ్ ఉక్కకి చెమట పట్టి మైక్ పాడైంది. రాత్రిళ్లు సిలికా జెల్ డబ్బాలో పెట్టడం మానకండి, నీలం గుళికలు రంగు మారగానే మార్చేయండి. ఇప్పుడేమో మా మోడల్‌కి విడిభాగాలు ఆపేస్తున్నాం, కొత్త ప్రాసెసర్ తీసుకోండి అంటున్నారు. నాలుగు లక్షల పైమాట. లోపలిది ప్రభుత్వం పెట్టించింది, బయటిదానికి మా ఇల్లు తాకట్టు పెట్టుకోవాలా?

సిరిసిల్ల_మమత
అక్కా, నా కడుపుల మాట అన్నవ్. ఇంక థెరపీ. ఆపరేషన్‌తోని ఏడాది థెరపీ ఉచితం అన్నరు. సెంటర్ మాకు డెబ్బై కిలోమీటర్ల దూరం, వారానికి రెండు సార్లు. మహాలక్ష్మి ఉచిత బస్సు వచ్చినంక టికెట్ పైసల తిప్పలు తప్పింది, సీటు తిప్పలు మిగిలింది. వాన్ని సంకనేసుకొని, చెవి మీది మిషన్ ఎవరి మోచెయ్యో తగిలి ఊడిపోకుండ చెయ్యి అడ్డం పెట్టుకొని నిలబడి పోయేదాన్ని. ఒక్కసారి అయస్కాంతం ఊడి బస్సుల ఇనుప రాడ్‌కు అతుక్కున్నది. బస్సంత ఎతికినం. కండక్టరే చూసిండు.

పలాస_చిన్నారావు
హహ, నాది మా ఇంటి గేటుకి అతుక్కుంది. ఫ్రిజ్‌కి కూడా.

తణుకు_రాజుగారు
అయస్కాంతం అంటే గుర్తొచ్చింది. ఎంఆర్ఐ తీయించాల్సి వస్తే ముందే చెప్పాలండి, ఇంప్లాంట్ కార్డు పర్సులో ఉండాలి. పిల్లలు ప్లాస్టిక్ జారుడుబల్ల ఎక్కేటప్పుడు మిషన్ తీసేయమన్నారు మాకు, కరెంటు పుడుతుందంట. ఏ ఆపరేషన్‌కి వెళ్లినా కరెంటుతో కోసే మిషన్ వాడేముందు డాక్టరుకి చెప్పాలి. ఇవి కూడా మా అమ్మ చెప్పిన మూఢనమ్మకాలు కావులెండి.

మ్యాపింగ్_మాస్టారు
రాజుగారూ, మిగతావన్నీ సరే. వంకాయ మాత్రం ఒప్పుకోను.

నంద్యాల_రేణుక
అందరికీ దండాలు. టీకా మాట ఉషగారు చెప్పినాకే కార్డు తీసి చూసినా, ఒకటి మిగిలి ఉండె. పరుగెత్తి వేయించినాం. మొక్కు విషయం... మా అత్త తిరుమలకు తీసుకుపోయింది. కల్యాణకట్టలో కూర్చున్నాయన పాప చెవి మిషన్ చూసి, ఆపరేషనా అని ఆయనే అడిగి, కత్తి కొత్త బ్లేడు పెట్టి, చెవి వెనక నీళ్లు రెండు సార్లు పోసి మెల్లగా తీసినాడు. ఒక్క గాటు లేదు. ఇరవై రోజుల ముందే. అయినా ఎవరూ బస్సు గురించి చెప్పలేదు.

సిరిసిల్ల_మమత
మంచిగయింది అక్కా. ఆల్ ద బెస్ట్.

విశాఖ_శైలజ
కొత్త ప్రాసెసర్ గురించి ఎవరికైనా తెలిస్తే చెప్పండి. నా పోస్టుకి ఎవరూ జవాబివ్వలేదు.

మ్యాపింగ్_మాస్టారు
వివరాలు నాకు మెసేజ్ పెట్టండి శైలజగారూ. ఏ కాగితాలు కావాలో చెప్తాను. 22 గురించి మాట్లాడను.

నంద్యాల_రేణుక
18న అయింది. తొమ్మిదిన్నరకు తీసుకుపోయి పన్నెండున్నరకు బయటకు తెచ్చినారు. లోపలే నరానికి పరీక్ష చేసి అన్ని ఎలక్ట్రోడ్లూ పలుకుతున్నాయి అన్నారు. ఆ రాత్రి రెండు వాంతులు. సాక్సుల ఉపాయం పని చేసింది మమతా, మా ఆయనవి. మూడో రోజు కట్టు విప్పి చిన్న పట్టీ వేసి పంపినారు. ఆపరేషన్ కాని పక్కకే పడుకోబెట్టమన్నారు, తుమ్ము వస్తే నోరు తెరిచి తుమ్మనియ్యమన్నారు, ముక్కు చీదనియ్యొద్దు అన్నారు. రెండేళ్ల పిల్లకు అదెట్లా చెప్పాల్నో వాళ్లు చెప్పలేదు. బస్సు వద్దని కారు మాట్లాడుకున్నాం, జడ్చర్ల దాటేదాకా పాప నా ఒళ్లో నిద్రపోయింది. స్విచాన్ వచ్చే నెల 9న.
రాజుగారూ, మీకు చెప్పాల. నేను పథ్యమే పెడుతున్నా. నాలుగో రోజు మా అత్తే వంకాయ కూర కలిపి పెట్టింది. మొక్కు తీరింది కదా, ఇంక ఏమీ కాదులే అనింది.

తణుకు_రాజుగారు
లేత వంకాయలేనా అమ్మా?

నంద్యాల_రేణుక
లేతవే.

తణుకు_రాజుగారు
అయితే పర్లేదులెండి.

కాకినాడ_కిరణ్
క్షమించండి, మధ్యలో వస్తున్నాను. మా పాప కాయిల్ వైరు కుక్క కొరికేసింది. రేపు పరీక్ష. కాకినాడ, రాజమండ్రి చుట్టుపక్కల ఎవరి దగ్గరైనా పాతది ఉందా? మోడల్ ఫోటో పెడుతున్నాను.

తణుకు_రాజుగారు
మా మనవడి మోడలే బాబూ. పాతదొకటి బీరువాలో ఉండాలి. వెతికి చెప్తాను, పడుకోకండి.