ఊళ్లో సీఎస్‌ఈనా, అనంతపురంలో సివిలా? ఇంట్లో రెండు రోజులుగా ఇదే రభస

కోవూరోడు:
మా చెల్లికి ఈఏపీసెట్‌లో (ఇంజనీరింగ్ ఎంట్రన్స్) 31 వేల పైన ర్యాంకు వచ్చింది, బీసీ-డి. నెల్లూరులో ఓ ప్రైవేటు కాలేజీలో సీఎస్‌ఈ (కంప్యూటర్ సైన్స్) వస్తుంది, బస్సు మా సెంటర్ దాకా వస్తుంది, పొద్దున పోయి సాయంత్రానికి ఇంట్లో ఉంటుంది అని నాన్న. పోయినేడు సీటొచ్చిన చివరి ర్యాంకులు చూస్తే జేఎన్‌టీయూ అనంతపురంలో సివిల్ తగిలేటట్టుంది, గవర్నమెంటు కాలేజీ వదులుకోవద్దని నేను. చెల్లి అడిగితే "మీ ఇష్టం" అంటుంది, అది ఇష్టం లేనప్పుడు అనే మాట. కాలేజీలూ బ్రాంచీలూ వరసగా ఆన్‌లైన్‌లో పెట్టే వెబ్ ఆప్షన్లకి నాలుగు రోజులే ఉంది. ఏం చేయమంటారు?

ట్రంకురోడ్డు:
ఇందులో చర్చేముంది తమ్ముడూ, సీఎస్‌ఈ తీసుకో. నేను నెల్లూరులోనే మామూలు కాలేజీలో చదివి చెన్నైలో ఆరేళ్ల నుంచి ఉద్యోగం చేస్తున్నా. మా టీమ్‌లో సివిల్ చదివినోళ్లు ఇద్దరున్నారు, నాలుగేళ్లు సర్వేయింగూ కాంక్రీటూ చదివి చివర్లో మళ్లీ పైథాన్ కోచింగ్‌కి డబ్బులు కట్టారు. చివరికి చేరేది ఇక్కడికే అయినప్పుడు చుట్టూ తిరిగి రావడం ఎందుకు?

సైటు ఇంజనీరు:
ఏందన్నా, సివిల్ చదివినోళ్లంతా సాఫ్ట్‌వేర్‌కే పోతారా? రామాయపట్నంలో పోర్టు పనులు ఎవరు చేస్తున్నారు మరి? ఏపీపీఎస్సీ ఏఈఈ (గవర్నమెంటు ఇంజనీరు ఉద్యోగం) నోటిఫికేషన్లో సివిల్ పోస్టుకి సీఎస్‌ఈ వాళ్లు అప్లై కూడా చేయలేరు, అదే పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీలు 60 శాతం మార్కులుంటే చాలావాటికి ఏ బ్రాంచి వాళ్లనైనా పరీక్షకి రానిస్తాయి. అంటే సివిల్‌కి రెండు తలుపులూ తెరిచే ఉన్నాయి. మొదట్లో జీతం తక్కువే, అబద్ధం చెప్పను. ఎండలో నిలబడాలి, ఆడపిల్లని సైటుకి పంపడానికి కొంతమంది కాంట్రాక్టర్లు ఇంకా నసుగుతారు, అది కూడా నిజమే.

ఒంగోలు గిత్త:
నా గోడు వినండి. మా తమ్ముడిని మూడేళ్ల కింద "సీఎస్‌ఈ, ఊరికి దగ్గర" అని ఓ కాలేజీలో చేర్చాం (పేరు అనవసరం, ఇప్పటికీ వాడి సర్టిఫికెట్లు వాళ్ల దగ్గరే ఉన్నాయి). పీఆర్వో ఇంటికొచ్చి మా అమ్మకి స్టీలు డబ్బా, మాకు బ్యాగూ ఇచ్చి, ఫ్లెక్సీలో ఉన్న ప్యాకేజీలన్నీ ఒప్పజెప్పి పోయాడు. ఫస్టియర్ పరీక్షలప్పుడు నేను వెళ్తే ల్యాబ్ తాళంచెవి కోసం అటెండర్ ఇరవై నిమిషాలు వెతికాడు, లోపల సగం కీబోర్డుల మీద కొన్నప్పటి ప్లాస్టిక్ కవరు అట్టాగే ఉంది, ఒక మానిటర్ వెనక పావురం గూడు పెట్టింది. సీఎస్‌ఈ అనే పేరు చూసి పోవద్దు. కాకినాడ జేఎన్‌టీయూ కూడా పైన పెట్టు తమ్ముడూ, అదీ మంచిదే.

లెక్కల మాస్టారు, కావలి:
గిత్త గారూ, మీ ఒంగోలుకి కాకినాడ లోకల్, ఈ అబ్బాయి చెల్లికి కాదు. ప్రకాశం జిల్లా ఆంధ్రా యూనివర్సిటీ ఏరియాలో ఉంది, నెల్లూరు ఎస్వీయూ (శ్రీ వేంకటేశ్వర యూనివర్సిటీ) ఏరియాలో ఉంది. 85 శాతం సీట్లు కాలేజీ ఉన్న ఏరియా లోకల్ పిల్లలకే, మిగతా 15 శాతంలో పోటీ పడాలి. పక్కపక్క జిల్లాలే, లెక్క మాత్రం వేరు. లోకల్ అంటే సొంతూరు కాదు, ఇంటర్‌తో ముగిసే వరస నాలుగేళ్లు ఎక్కడ చదివారనేది చూస్తారు. అందుకే ఒంగోలు నుంచి వచ్చి నెల్లూరు హాస్టల్లో ఇంటర్ రెండేళ్లు మాత్రమే చదివిన పిల్లలు ఏటా ఇక్కడే బోల్తా పడతారు.

ఇంక బాబూ కోవూరు, చివరి ర్యాంకులు ఏ కాలమ్‌లో చూశావు? బాయ్స్, గర్ల్స్ విడివిడిగా ఉంటాయి, ఆడపిల్లలకి 33 శాతం కోటా ఉంది. మరోసారి చూసి చెప్పు.

కోవూరోడు:
అయ్యో మాస్టారూ, బీసీ-డి బాయ్స్ చూశాను. గర్ల్స్‌లో అనంతపురం ఈఈఈ (ఎలక్ట్రికల్) కూడా అందేటట్టే ఉంది, ఈసీఈ (ఎలక్ట్రానిక్స్) కొంచెం దూరం.

లెక్కల మాస్టారు, కావలి:
చూశావా, రెండు రోజుల నుంచి లేని ప్రశ్న మీద కొట్టుకుంటున్నారు. రాదేమో అనే భయంతో ఈసీఈని కిందికి నెట్టకు. కంప్యూటర్ మొదట ర్యాంకు చూస్తుంది, తర్వాత నువ్వు పెట్టిన వరస చూస్తుంది, అంతే. పైన పెట్టింది రాకపోతే నష్టం లేదు, కింద పెట్టినదానికి అవకాశం తగ్గదు. ఎన్ని ఆప్షన్లయినా పెట్టుకోవచ్చు, పదితో ఆపొద్దు. ఒక్క జాగ్రత్త, రెండో విడతలో పై ఆప్షన్ వస్తే మొదటి సీటు దానంతటదే పోతుంది, "ఊరికే చూద్దాం" అని ఇష్టం లేనిది పైన పెట్టకండి.

ఆ ప్రైవేటు కాలేజీకి ఎన్‌బీఏ (నాణ్యత చూసి ఇచ్చే గుర్తింపు) ఉందంటే ఏ బ్రాంచికి ఉందో అడుగు. న్యాక్ అనే ఇంకో గుర్తింపు కాలేజీ మొత్తానికి ఇస్తారు, ఎన్‌బీఏ బ్రాంచిబ్రాంచికీ ఇస్తారు, మెకానికల్‌కి వచ్చినదాన్ని గేటు మీద రాసి సీఎస్‌ఈ అమ్ముకునేవాళ్లున్నారు. బ్రాంచికి ఇన్నే సీట్లనే పరిమితిని ఏఐసీటీఈ (ఇంజనీరింగ్ కాలేజీలకి అనుమతిచ్చే కేంద్ర సంస్థ) 2024-25 నుంచి ఎత్తేసింది, సీఎస్‌ఈ సెక్షన్లు పెరిగినంత తేలిగ్గా పాఠం చెప్పేవాళ్లు పెరగరు.

ట్రంకురోడ్డు:
మాస్టారూ, ఈఈఈ అయితే సరే, నేను వాదించను. సివిల్ మీద మాత్రం నా మాట మార్చుకోను.

సైటు ఇంజనీరు:
నువ్వు మార్చుకోవద్దులే అన్నా, ఇల్లు కట్టుకునేటప్పుడు ఫోన్ చెయ్యి.

బుచ్చి అక్క:
మా పాప అనంతపురంలోనే చదువుతోంది. రాత్రంతా బస్సు, పండక్కి టికెట్ దొరకదు, మొదటి నెల రోజూ ఏడ్చింది. ఇప్పుడు సెలవులకి రమ్మంటే ప్రాజెక్టు అంటుంది. మీ నాన్నగారికి ఒక మాట చెప్పండి, నెల్లూరు కాలేజీవాళ్లు కన్వీనర్ సీటు (కౌన్సెలింగ్‌లో ర్యాంకుకి వచ్చేది) రాకపోతే మేనేజ్‌మెంట్ కోటాలో ఇస్తామంటారు, దానికి ఫీజు రీయింబర్స్‌మెంట్ రాదు. మా పెద్దోడి విషయంలో ఇది తెలిసేలోపు అడ్వాన్సు కట్టేశాం.

కోవూరోడు:
అక్కా, మీ పోస్టు నాన్నకి చదివి వినిపించా. ముందు "ఎవరో రాసింది నాకెందుకు" అన్నాడు, తర్వాత ఆయనే చెల్లిని పిలిచి నేరుగా అడిగాడు. సివిల్ తనకి అసలు ఇష్టం లేదంట, నేను పట్టుబట్టానని ఊరుకుందంట. మొట్టికాయ నాకే పడాలి. వరస ఇప్పటికి ఇదీ: అనంతపురం ఈసీఈ, అనంతపురం ఈఈఈ, తిరుపతి ఎస్వీయూ ఈసీఈ, ఈఈఈ, తర్వాత నెల్లూరు సీఎస్‌ఈ. నెల్లూరుది మూడో స్థానంలో పెట్టమని నాన్న ఇంకా బేరమాడుతున్నాడు. రేపు ఆ కాలేజీకి పోయి ల్యాబ్ చూసొస్తాం, పావురాలుంటే చెప్తా.

లెక్కల మాస్టారు, కావలి:
సెలవు రోజు పోవద్దు, క్లాసులు జరిగేటప్పుడు పో. మూడో ఏడు పిల్లల్ని క్యాంటీన్ దగ్గర పట్టుకో, ప్రిన్సిపల్ గదిలో కాదు. ఆప్షన్లు సేవ్ చేశాక ప్రింటు తీసి వరస మరోసారి చూసుకో, గడువు లోపల చివరిసారి సేవ్ చేసిందే లెక్కలోకి వస్తుంది.