నొప్పి లేదు, కానీ ఎక్స్‌రేలో పంటి వేరు చివర నల్లమచ్చ ఉందన్నారు

ప్రశ్న:
వేరే పంటి కోసం ఎక్స్‌రే తీస్తే కింది వరసలో కోరపన్ను వెనక ఉన్న పన్ను వేరు దగ్గర గుండ్రంగా నల్లగా కనిపించిందండి. నొప్పి లేదు, వాపు లేదు. ఒక డాక్టర్ రూట్ కెనాల్ అన్నారు, ఇంకొకరు సిస్ట్ (ఎముకలో ద్రవం నిండిన సంచి లాంటిది) అయ్యుంటుంది ఆపరేషన్ పడొచ్చన్నారు. ఎక్స్‌రే చూసి చెప్పేయొచ్చా అసలు?

జవాబు:
ఎక్స్‌రే ఒక్కదాంతో తేలదండి. ముందు ఆ పన్ను లోపల నరం బతికుందో చచ్చిందో చూడాలి. నరం చచ్చిపోయి లోపల బ్యాక్టీరియా చేరితే వేరు చివర ఎముక మెల్లగా కరిగిపోయి ఆ నలుపు వస్తుంది, అది ఏళ్ల తరబడి నొప్పి లేకుండా ఉండగలదు కాబట్టి నొప్పి లేదు కదా అని వదిలెయ్యకండి. చల్లటి స్ప్రే దూదికి పట్టించి పంటికి ఆనిస్తారు, ముందు పక్క పళ్లకి పెట్టి ఎలా ఉందో చూసుకుని తర్వాత దీనికి పెట్టాలి, జిల్లుమని వెంటనే తగ్గిపోతే నరం బతికున్నట్టే అనుకోవచ్చు. అప్పుడు ఆ మచ్చ వేరే ఏదో. మీరు చెప్పిన చోటే దవడ ఎముకలోంచి నరం బయటికొచ్చే సహజమైన రంధ్రం ఉంటుంది, ఎక్స్‌రేలో అచ్చం జబ్బులాగే కనిపిస్తుంది. కోణం మార్చి ఇంకో ఎక్స్‌రే తీస్తే రంధ్రమైతే వేరు చివర నుంచి పక్కకి జరుగుతుంది, జబ్బైతే వేరుకే అంటుకుని ఉంటుంది.

ప్రశ్న అడిగినవారు:
చల్లటి టెస్ట్ ఎవరూ చెయ్యలేదండి. ఆ పక్కన చిగురు మీద చిన్న పొక్కు వచ్చి పోతుంటుంది, దీనికీ దానికీ సంబంధం ఉందా?

జవాబు:
ఈ మాట ముందే చెప్పాల్సింది అండీ, చాలా ముఖ్యం. అది లోపలి చీము బయటికొచ్చే దారి కావొచ్చు, చీము పోతుంటుంది కాబట్టే నొప్పి తెలియదు. ఆ పొక్కు రంధ్రంలోకి రూట్ కెనాల్‌లో వాడే గట్టాపెర్చా (రబ్బరు లాంటి పదార్థం) పుల్ల మెల్లగా దూర్చి ఎక్స్‌రే తీస్తే ఏ పంటి దగ్గరికి వెళ్తుందో కనిపిస్తుంది, ఒక్కోసారి పక్క పన్నే కారణమని తేలుతుంది. చిగురుకీ పంటికీ మధ్య లోతు కూడా పంటి చుట్టూ కొలిపించండి, ఒక్కచోటే సన్నగా లోతుగా దిగితే వేరు చీలిందేమో అనుమానించాలి, అలా చీలితే రూట్ కెనాల్ చేసినా మామూలుగా ఉపయోగం ఉండదు.

సిస్టా, గ్రాన్యులోమానా (ఇన్ఫెక్షన్ వల్ల వాచిన కణజాలపు గడ్డ) అన్నది ఎక్స్‌రేలో తేలదు, ముక్క తీసి మైక్రోస్కోప్ కింద చూస్తేనే ఖాయం. పన్ను చచ్చిందని తేలితే మామూలుగా ముందు రూట్ కెనాలే, ఎక్కువ వాటికి దాంతోనే ఎముక తిరిగి నిండుతుంది. ఉత్త యాంటీబయాటిక్ వేసుకుంటే సరిపోదు, చచ్చిన నరంలోకి రక్తం పోదు కాబట్టి మందూ చేరదు. పెదవి మొద్దుబారినా, జ్వరంతో ముఖం వాచినా మాత్రం ఆగకుండా వెళ్లిపోండి.

మరొకరు:
నాకు రూట్ కెనాల్ అయిన పంటికే మచ్చ ఉందండి, ఈ టెస్ట్ నాకూ పనికొస్తుందా?

జవాబు:
నరం తీసేశారు కాబట్టి చల్లదనం టెస్ట్ మీకు పనికిరాదు. పాత ఎక్స్‌రే పక్కన పెట్టి పోల్చమనండి. రూట్ కెనాల్ అయిన ఏడాదికి ఒకటి తీసి చూస్తారు, మచ్చ చిన్నదవుతుంటే 4 ఏళ్ల దాకా కనిపెట్టుకుని ఉండొచ్చు, పెరుగుతుంటే మాత్రం మళ్లీ రూట్ కెనాల్ చెయ్యాలా, వేరు చివర సర్జరీయా అన్నది మాట్లాడాలి, ఆ నిర్ణయానికి ముందు సీబీసీటీ స్కాన్ (పంటిని, ఎముకను అన్ని వైపులా చూపే 3డీ ఎక్స్‌రే) అవసరమేమో అడగండి.