కొట్టు కట్టడం, కొట్టు కట్టేయడం: ఒకే క్రియకు ఎదురెదురు అర్థాలెలా వచ్చాయి?

రాజాం సభ్యురాలు:
"గంటస్తంభం దగ్గర బట్టల కొట్లు తొమ్మిదికే కట్టీసినారు" అంటే విజయనగరంలో ఎవరూ కొత్త కొట్లు లేచాయనుకోరు. "ఆ వీధిలో కొట్లు కట్టారు" అంటే మాత్రం ఇటుక, సున్నం, దూలం గుర్తొస్తాయి. ఒకే క్రియ లేపడానికీ మూయడానికీ ఎలా సరిపోయింది? పాత బట్టల కొట్లకు రెక్కల తలుపులుండేవి కావు, విడి పలకలు నిలబెట్టి అడ్డంగా ఇనుప బద్ద బిగించేవారు. ఆ బిగింపే 'కట్టడం' అయిందని ఒక వాదన ఉంది. ఇది నిలుస్తుందా? పలకల తలుపుల పని తెలిసినవారు, మాట లోతు తెలిసినవారు ఇద్దరూ చెప్పండి.

బొబ్బిలి వడ్రంగి:
మాట సంగతి మాస్టారు చెప్తారు, తలుపు సంగతి నేను చెప్తానమ్మా.

పాత బజారు కొట్టుకు ముఖం చిన్నది, లోతు ఎక్కువ. ముఖం నిండా తెరుచుకోవాలి, లేకపోతే లోపలి తానులకు వెలుతురందదు. రెక్కల తలుపు పెడితే బయటికి తెరిస్తే అరుగు పోతుంది, లోపలికి తెరిస్తే గుడ్డ పరిచే చోటు పోతుంది. అందుకే పలకలు. ఒక్కోటి జానెడు వెడల్పు, అంగుళానికి కాస్త పైన మందం. టేకు మేలు, లేదంటే వేగిస.

కీలకమంతా పలకలు కూర్చునే గాడుల్లో ఉంది. కింద గడపలో గాడి అరంగుళం లోతు, పైన దూలంలో గాడి అంగుళంన్నర. ఏడడుగుల ఎత్తు సందుకి పలక ఏడడుగుల మీద ఒక అంగుళం ఉండాలి. పలకను పై గాడిలోకి పూర్తిగా ఎత్తితే అడుగు అంచు గడప మీంచి అరంగుళం తేలుతుంది, లోపలికి తోసి వదిలితే కింది గాడిలో కూర్చుంటుంది. అప్పుడు కూడా పైన అరంగుళం పట్టు మిగులుతుంది. పై గాడి కిందిదానికి కనీసం రెండింతలుంటే గానీ ఈ లెక్క కుదరదు.

తేడా వచ్చేది ఎక్కడంటే, దూలం కుంగినప్పుడు. అరంగుళం కుంగిందా, పలక పైకి లేవదు. చాలామంది పలక అడుగు కోసేస్తారు, అది తప్పు. ఎత్తడానికి సులువవుతుంది గానీ దూలం మళ్లీ పైకి సర్దిన రోజున పైన పట్టుండదు, గట్టిగా తోస్తే లోపలికి పడిపోతుంది. ముందు దూలం కింద ఊతకర్ర పెట్టి నిలబెట్టాలి, ఆ తర్వాతే పలక జోలికి వెళ్లాలి. రోడ్డు ఎత్తు పెంచినప్పుడు గడప మీద సిమెంటు పోసి గాడి పూడ్చేయడం ఇంకో రకం తప్పు. వానాకాలం చెక్క ఉబ్బుతుంది గనక మొత్తం వరుసలో ఒక వేలు సందు వదలాలి. కింది గాడికి బయటివైపు బెజ్జాలు లేకపోతే నీరు నిలిచి పలకల అడుగులు కుళ్లిపోతాయి.

పలకలన్నీ పెట్టాక ఇనుప బద్ద అడ్డంగా వేసి, చివరి పలకకు తాళం. దీన్ని మా పనివాళ్లు 'బద్ద వేయడం' అంటారు. 'బద్ద కట్టడం' అనరు.

శ్రీకాకుళం తెలుగు మాస్టారు:
వడ్రంగిగారు చివర అన్న మాటే అసలు జవాబు. బద్ద వేస్తాం, తలుపు వేస్తాం, గడియ పెడతాం, తాళం వేస్తాం. తెలుగులో ఎవరూ "తలుపు కట్టేయ్" అనరు. కట్టేది కొట్టునే. అంటే 'కట్టు' చెక్కకు సంబంధించింది కాదు, వ్యాపారానికి సంబంధించింది. పలకల నుంచి పుట్టి ఉంటే ముందు తలుపుకి అంటుకుని ఆ తర్వాత కొట్టుకి పాకాలి. ఆ జాడ లేదు.

'కట్టు'కి మూలార్థం బంధించడం. అందులోంచి రెండు దారులు చీలాయి. విడివిడిగా ఉన్నవాటిని ఒకటిగా బిగిస్తే ఇల్లు కట్టడం, పద్యం కట్టడం. కదిలేదాన్ని కదలకుండా ఆపితే రక్తం కట్టడం, అడ్డుకట్ట, ఆటకట్టు. 'కొట్టు కట్టేయడం' ఈ రెండో దారిది: నడుస్తున్న బేరాన్ని ఆపడం. ఎదురు అర్థాలని మనకనిపిస్తోంది గానీ రెండింట్లోనూ ఉన్నది బిగింపే.

'కొట్టు తీశారు' అనే మాటని పలకలకి సాక్ష్యంగా చూపేవారున్నారు, పలకలు తీస్తారు కదా అని. అదీ చెల్లదు. రెక్కల తలుపునీ తీస్తాం, పెట్టె మూతనీ తీస్తాం.

విజయనగరం బట్టల వ్యాపారి:
మాస్టారూ, ఒక సందేహం. సంతలో బట్టలమ్మేవాడికి గోడా లేదు, తలుపూ లేదు. పొద్దున దుప్పటి పరిచి తానులు విప్పుతాడు, సాయంత్రం మూట కట్టేస్తాడు. వ్యాపారం ఆపడమూ మూట కట్టడమూ అతనికి ఒకటే పని. 'కట్టేయడం' అక్కడి నుంచి వచ్చిందనుకోవచ్చా?

బట్టల కొట్టులో రోజంతా ఈ క్రియతోనే గడుస్తుంది. చీర కట్టి చూపిస్తాం, ఖరీదు కడతాం, పొట్లం కడతాం, పైకం కట్టించుకుంటాం, కట్టలు లెక్కపెడతాం, రాత్రికి కొట్టు కట్టేస్తాం.

శ్రీకాకుళం తెలుగు మాస్టారు:
పలకల వాదన కంటే ఇది బలమైనది బాబూ, ఎందుకంటే ఇందులో కట్టేది సరుకునే. కానీ బళ్లో గంట కొట్టాక "పుస్తకాలు కట్టేయండి" అంటాం, వాటిని తాడుతో కట్టకపోయినా. ఆపడమనే అర్థం ఒక్క సంత వ్యాపారిది కాదు, భాషంతటా ఉంది. సంత మూట దానికి బలమిచ్చిందని చెప్పడానికి నేను ఒప్పుకుంటాను, పుట్టించిందని అనను.

మీరు చెప్పిన వరుసలో ఇంకోటి గమనించండి. క్రియ అంతా తెలుగు, కొలతా ధరా చాలావరకు బయటివి. ఖరీదు, బజారు, గజం పారసీ నుంచి వచ్చాయి, దుకాణం అరబ్బీది పారసీ మీదుగా. శ్రీకాకుళం గోల్కొండ కుతుబ్‌షాహీల కింద ఫౌజుదారు (సైనిక పాలనాధికారి) ఉండే పట్టణం, ఇంగ్లీషువాళ్ల కాగితాల్లో 'చికాకోల్' పేరుతో సన్నని మస్లిన్లకు పేరుపడ్డ ఊరు. అలాంటి బజార్లో లెక్క మాటలు మారడం సహజం. చేతిపని మాటలు మాత్రం మారలేదు.

రాజాం సభ్యురాలు:
మరి 'కట్టేశారు'కీ 'ఎత్తేశారు'కీ తేడా? మా వైపు రెండూ వాడతారు.

శ్రీకాకుళం తెలుగు మాస్టారు:
కట్టేస్తే రేపు మళ్లీ తీస్తారు, ఎత్తేస్తే ఇక తీయరు. "కట్టేసి ఆర్నెల్లయింది" అంటే కట్టేయడానికీ ఆ అర్థం వస్తుంది, కానీ కాలం చెప్పాలి. ఎత్తేయడానికి అక్కర్లేదు. ఇప్పుడు 'షట్టరు దించేశారు' కూడా చేరింది. చూడండి, షట్టరుకి కూడా క్రియ దించడమే, కట్టడం కాదు. షట్టర్లొచ్చి పలకలు పోయినా 'కట్టేయడం' చెక్కుచెదరలేదు. పలకల మీద ఆధారపడిన మాటే అయితే వాటితోపాటే పల్చబడేది.

బొబ్బిలి వడ్రంగి:
ఒక్క మనవి. పాత కొట్టు విప్పుతుంటే పలకల తల దగ్గర ఉలితో చెక్కిన తెలుగు అంకెలుంటాయి, ౧ ౨ ౩ అని. ఏ పలక ఏ వరుసదో, ఏ కొస పైకో రెండూ దాన్ని బట్టే తెలుస్తాయి. దూలం అన్ని చోట్లా సమంగా కుంగదు గనక ఒకదాని చోట ఇంకోటి పట్టదు. చిత్రిక పట్టేముందు ఆ అంకెలు కాగితం మీద రాసుకోండి, చిత్రిక నడిచిందంటే పోతాయి.