రెండో తరగతి పిల్లాణ్ణి బడి మార్చాలా? చీపురుపల్లి వైపు వాళ్ళు కాస్త చెప్పండి

పానాల షాపు:
చీపురుపల్లి దగ్గర నాకు మోటార్ వైండింగ్ షాపు ఉంది. బాబు రెండో తరగతి, ప్రైవేటు స్కూలు. స్కూలు పేరు వద్దులెండి. ఆదివారం సాయంత్రం నుంచే వాడికి కడుపునొప్పి మొదలవుతుంది. డాక్టరుగారికి రెండుసార్లు చూపిస్తే ఏమీ లేదన్నారు. వేసవి సెలవుల్లో ఒక్కరోజు కూడా ఆ నొప్పి రాలేదు. అప్పుడు వెలిగింది నాకు.

ఆ క్లాసులో మార్కుల్ని బట్టి కూర్చోబెడతారు. మావాడిది ఆఖరి బెంచీ. ఓరోజు "ఏటి టీచర్?" అన్నాడట. క్లాసంతా నవ్వారు, "ఏమిటి" అని పదిసార్లు రాయించారు. అప్పట్నుంచి అక్కడ నోరు తెరవడు. చిన్న అంకె నుంచి పెద్ద అంకె దాకా వరసగా రాయమంటే కాగితం తెల్లగా ఇచ్చేశాడు. అదే గుంటడు షాపులో గోనెపట్టా మీద పానాలు పేరుస్తాడు చూడండి, ఆరు-ఏడు నుంచి ఇరవై-ఇరవైరెండు దాకా. మధ్యలో జాగా వదిలి "నాన్నా, పన్నెండు-పదమూడు ఏదీ?" అంటాడు. అది నా జేబులో ఉంటుంది.

మా అత్తారి ఊళ్ళో మండల పరిషత్ బడి ఉంది. 41 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు. మా బావమరిది కూతురు అక్కడే చదువుతోంది. శనివారం బ్యాగు లేకుండా వెళ్తుంది, ఊరి తాత ఒకాయన వచ్చి తప్పెటగుళ్ళ అడుగులు నేర్పుతాడట. నాకు ఆశగానే ఉంది. మా అమ్మ మాత్రం "ఫీజు కట్టలేక సర్కారు బళ్ళో పడేశాడంటారు" అని ఒకటే గొడవ. ఇంగ్లీషు సంగతేమిటి? ఇద్దరు టీచర్లు ఐదు తరగతులు ఎలా లాగుతారు?

బొబ్బిలి మాస్టారు (రిటైర్డ్):
బాబూ, ముందు ఆ "ఏటి" సంగతి. శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తిగారు, సవర పిల్లలకి సవరలోనే చదువు చెప్పాలని ఆ భాష నేర్చుకుని మరీ, సొంత డబ్బుతో బడులు పెట్టారు. ఏటా ఆగస్టు 29న ఆయన ఫొటోకి దండ వేస్తాం. మర్నాడు మన యాసలో మాట్లాడిన పిల్లాణ్ణి నవ్వులపాలు చేస్తాం! 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ కొట్టడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. ప్రైవేటుకీ వర్తిస్తుంది.

60 మంది పిల్లల దాకా చట్టం ప్రకారం ఇద్దరే టీచర్లు. ఒకరు 1, 2 తరగతులు, ఒకరు 3, 4, 5 చూసుకుంటారు. మంచి టీచరైతే మూడో తరగతి పిల్లాడు ఐదో తరగతి పాఠం కూడా చెవిన వేసుకుంటాడు. కానీ ఒకరు సెలవు పెట్టినా, ట్రైనింగుకి వెళ్ళినా ఆరోజు కాపలాయే తప్ప చదువుండదు. నేనూ అలా కాపలా కాసినవాణ్ణే. ఇంగ్లీషుకి భయపడకు, ఇప్పటి పుస్తకాల్లో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు.

మామూలు రోజు పదిన్నరకి వెళ్ళు. పంద్రాగస్టున ఏ బడైనా బాగానే ఉంటుంది. బాత్రూంలో నీళ్ళు చూడు. లైబ్రరీ పుస్తకాలు నలిగాయో లేదో చూడు. తళతళలాడుతుంటే బీరువాకి తాళం వేసి ఉంచారన్నమాటే.

పలాస అమ్మ:
అన్నయ్యా, నేను మా ఊరి బడి పేరెంట్స్ కమిటీలో ఉన్నాను. అందులో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి, మొత్తంలో సగం ఆడవాళ్ళు. మొదట్లో సంతకాలకే పిలుస్తారనుకున్నాను.

మా బళ్ళో మధ్యాహ్నం అన్నంలో గుడ్డు పెట్టిన రోజల్లా ఒక గుంట సగమే తిని, సగం గౌను జేబులో దాచేది. జేబు మీద పచ్చసొన మరక చూసి వంటమ్మ పసిగట్టింది. అడిగితే "తమ్ముడికి" అంది. తల్లి తెల్లారగట్ల జీడిపిక్కల పనికి వెళ్ళిపోతుంది, నాలుగేళ్ళ వాడు ముసలావిడ దగ్గరుంటాడు. మేడం పిల్లని ఒక్క మాట అనలేదు. సాయంత్రం అంగన్‌వాడీ టీచర్ని, నన్నూ వెంటబెట్టుకుని ఆ ఇంటికెళ్ళి తమ్ముణ్ణి అంగన్‌వాడీలో చేర్పించారు. ఇప్పుడు వాడి గుడ్డు వాడికుంది. అలాగని మాది గొప్ప బడి అని కాదు, రెండు నెలలుగా ఒక గదిలో ఫ్యాను తిరగట్లేదు.

శ్రీకాకుళం టౌన్:
ప్రైవేటంటే అన్నీ అలా ఉండవండి. మా పాపకి నత్తి. వాళ్ళ టీచరు ప్రార్థనలో పద్యం నలుగురితో కలిపి చెప్పించి, నెలకొకర్ని తగ్గించి, చివరికి ఒక్కదాని చేతే చెప్పించారు. అదీ ప్రైవేటే. మీరు ముందు ఆ టీచర్ని కలిశారా? కడుపునొప్పి సంగతి ఆవిడకి తెలుసా? ఇంకోటి, 2022లో చాలా చోట్ల 3, 4, 5 తరగతుల్ని హైస్కూళ్ళలో కలిపారు. మా అక్క కొడుకు మూడో తరగతికే రోడ్డు దాటి పోవాల్సొచ్చింది. ఆ ఊరి బడిలో ఐదు దాకా ఉంటుందో లేదో ఎంఈఓ (మండల విద్యాధికారి) ఆఫీసులో కనుక్కోండి.

పానాల షాపు:
నిజమే, టీచర్ని కలవలేదు. శనివారం కలిశాను. నొప్పి సంగతి చెప్తే ట్యూషన్ పెట్టించమన్నారు.

మంగళవారం పదిన్నరకి బాబుతో అత్తారి ఊరి బడికెళ్ళాను. పుస్తకాలు నలిగే ఉన్నాయి మాస్టారూ, ఒకదానికి అట్ట కూడా లేదు. బాత్రూంలో మాత్రం నీళ్ళు లేవు, మోటారు కాలిపోయిందట. మేడం వీణ్ణి ఎక్కాలు అడగలేదు. "మీ నాన్న షాపులో నువ్వేటి చేస్తావు?" అన్నారు. వీడు నాకేసి ఓసారి చూసి పానాల గురించి మొదలెట్టాడు. ఇంటర్వెల్ గంట కొట్టేదాకా ఆపలేదు. ఐదో తరగతి దాకా ఉంటుందని ఎంఈఓ ఆఫీసులో చెప్పారు, ప్రస్తుతానికి.

ఆ మోటారు విప్పి షాపుకి తెచ్చేశాను. వైండింగ్ అయిపోయింది, వార్నిష్ ఆరాలి. గురువారం బిగించడానికి వెళ్తుంటే తనూ వస్తానంటున్నాడు. టీసీ సంగతి అమ్మకి ఇంకా చెప్పలేదు.